పడవల కాలువ - మన కర్తవ్యము

(పాఠశాల వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



మన సౌకార్‌పేటకు పడమటగా, సెంట్రల్ స్టేషను ప్రక్కనుండి పోవు బకింగ్‌హాం కాలువను నేటి పిల్లలు మురుగుకాలువగానే యెఱుగుదురు. ఒకనాడది తెలుగునాటినుండి చెన్నపట్టణమునకు వచ్చు జలమార్గము. 1806లో ఎన్నూరు దిక్కుగా దీని త్రవ్వకము ప్రారంభమైనది. 1877-78 నాటి క్షామమున, అన్నములేనివారికి పని కల్పించుటకై కూవము, అడయారు నదుల నడిమి భాగము త్రవ్వించిరి. కొమ్మమూరు, ఏలూరు కాలువలతో కలసి యీ మార్గము కాకినాడవఱకు సాగెను. ఉప్పు, బియ్యము, శ్రీహరికోట వంటచెఱకు పడవలమీద వచ్చెడివి.

పడవవారు దినములతరబడి పడవలోనే వండుకొని, అందే నిద్రించెడివారు. వారి మలినము నీటిలోనే కలిసెడిది. కొలది మలినమును పాఱెడు నీరు కొంతవఱకు శుద్ధి చేసికొనగలదు. ఆ 'కొంతవఱకు' అను మాటను మనము మఱచితిమి.

మలినమును కుళ్ళజేయు సూక్ష్మజీవులు నీటిలో కరగియున్న ప్రాణవాయువును వాడుకొనును. అది తఱిగినచో చేపలు చచ్చును. మలినమందలి నత్రజని, భాస్వరములవలన నాచు బలిసి, అదియు కుళ్ళి, మిగిలిన ప్రాణవాయువును హరించును. కలరా, టైఫాయిడు క్రిములు నీటివెంట వ్యాపించును. నీటిని వడగట్టి ఆహారము గ్రహించు ఆలిచిప్పలలో ఆ క్రిములు పోగుపడి, తినువారిని చేరును. పడవలలో నీటిని పొదుపుగా వాడుదురు గనుక, అందలి మురుగు ఇండ్ల మురుగుకంటె చిక్కనిది. కదలని నీటిలో దానిని వదలుట మిక్కిలి హానికరము.

అంతర్జాతీయ నిబంధనల ననుసరించి, పెద్ద ఓడలు శుద్ధిచేయని మురుగును తీరమునకు 12 నాటికల్ మైళ్ళ లోపల వదలరాదు. 400 టన్నులకు తక్కువై, 15 మందికి మించని జనముతో తిరుగు చిన్న పడవలకు ఆ నిబంధన వర్తింపదు. అచ్చట మంచి యలవాటే రక్షణ. రేవులలో మరుగుదొడ్లును, పడవల మురుగును తోడు యంత్రములును ఉన్నగాని ఆ యలవాటు నిలువదు.

1960, 1970 దశాబ్దములలోని తుపానులకు దెబ్బతిని, మన కాలువలో పడవల రాకపోకలు క్రమముగా నిలిచిపోయినవి. పడవలు పోయినను మలినము పోలేదు. వేలకొలది ఇండ్ల మురుగు దానిలో చేరుచున్నది. అది ఎన్నూరు వైపునను, సముద్రములోనికిని పోయి, చేపలు పట్టి జీవించువారి వలలను చేరుచున్నది. కంటికి దూరమైన మురుగు లేకుండ పోయినట్లు కాదు.

కావున తల్లిదండ్రులను మేము కోరునవి మూడు. మీ యింటి మురుగుగొట్టము వాననీటి కాలువలో కలిసియున్నదేమో నేడే చూచి, కలిసియున్నచో సరిచేయింపుడు. పులికాటు సరస్సునకో, సముద్రతీరమునకో పోయినపుడు నీటిలో ఏదియు వదలకుండుట పిల్లలకు నేర్పుడు. రేవులలో మరుగుదొడ్లు కావలెనని అధికారులకు వ్రాయుటలో మాతో చేయి కలుపుడు.

మన పెద్దల పొయ్యిలోనికి కట్టెలను, కుండలోనికి బియ్యమును తెచ్చిన కాలువ యిది. దానికి మనము ఇచ్చుచున్నది మురుగు మాత్రమే కారాదని మనవి చేసికొనుచు, సెలవు గైకొనుచున్నాము.