ఇతరుల మాట మోసేవారికి చట్టం ఇచ్చే రక్షణ ఎంత?

(తెనాలి, బాపట్ల, రేపల్లె సభలలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరింగు చదివిన మన పిల్లలు కొందరు ఈ మూడు పట్టణాలలోనూ మమ్మల్ని ఒకే ప్రశ్న అడిగారు. 'టార్' అనే నెట్‌వర్కుకు స్వచ్ఛందంగా సర్వరు నడపవచ్చునా, నడిపితే చట్టం ఏమంటుంది అని. వారి తల్లిదండ్రులు అడిగినది వేరు. అసలు అదేమిటి, ఇంటిమీదికి పోలీసులు వస్తారా అని. రెండింటికీ కలిపి సమాధానం మనవి చేస్తాము.

మేము గుమాస్తాగా పనిచేసిన రోజులలో తపాలా విభాగానికి సీలు వేసిన కవర్లు వచ్చేవి. పైన ఉన్న చిరునామా చూసి, రిజిస్టరులో ఎక్కించి, పంపివేయడమే మా పని. లోపల ఏమున్నదో మాకు తెలిసేది కాదు. టార్ కూడా అటువంటిదే. అయితే అక్కడ కవరులో కవరు, అందులో మరొక కవరు ఉంటుంది. మొదటి సర్వరుకు పంపినవారు ఎవరో తెలుస్తుంది, గమ్యం తెలియదు. నడిమిదానికి ఆ రెండూ తెలియవు. చివరిది గమ్యాన్ని చూస్తుంది గాని పంపినవారిని ఎరుగదు. ఇక రిజిస్టరు అన్నదే ఉండదు. అమెరికా నౌకాదళ పరిశోధనాలయంలో పుట్టిన ఈ పద్ధతిని నేడు ప్రపంచమంతటా వేలాది సర్వర్లతో స్వచ్ఛంద సేవకులు నడుపుతున్నారు. విలేఖరులు, హక్కుల కార్యకర్తలు దీనిని వాడుతారు. బీబీసీ 2019లో తన వార్తలను ఈ మార్గంలో కూడా అందించింది. దొంగలూ వాడుతారు, ఆ సంగతి దాచవలసిన పని లేదు.

చిక్కంతా ఆ చివరి సర్వరు దగ్గరే. ఎవరో ఎక్కడో కూర్చుని బెదిరింపు లేఖ పంపితే, దానిమీద కనిపించే ఐపీ చిరునామా చివరి సర్వరుది. పోలీసులు ఇంటర్నెట్ సంస్థను అడుగుతారు. కనెక్షను ఎవరి పేర ఉన్నదో సంస్థ చెబుతుంది. మన ఇళ్ళలో అది సాధారణంగా తండ్రి పేరే.

2017 ఏప్రిల్‌లో మాస్కోలో ఒక గణిత అధ్యాపకుణ్ణి ఇలాగే అరెస్టు చేశారు. ఆందోళనలకు పిలుపునిచ్చిన రాతలు ఆయన నడిపే చివరి సర్వరు చిరునామాతో కనిపించాయి. ఆ సమయానికి ఆయన భార్యతో కలిసి దుకాణంలో ఉన్నట్లు కెమెరా దృశ్యాలు చూపినా, జూలై వరకు జైలులోను, ఆపైన గృహనిర్బంధంలోను ఉండవలసి వచ్చింది. 2018లో గాని ఆరోపణలు ఉపసంహరించుకోలేదు.

మన దేశంలో దీనికి దగ్గరి ఉదంతం నవీ ముంబైది. 2008 జూలై 26న అహ్మదాబాదు పేలుళ్ళకు కొద్ది నిమిషాల ముందు వెళ్ళిన ఈమెయిలు, అక్కడ నివసించే ఒక అమెరికా పౌరుని వైఫై ద్వారా పోయింది. ఆ వైఫైకి సరైన తాళం లేదు. కంప్యూటర్లు స్వాధీనం చేసుకున్నారు, విచారించారు. దర్యాప్తు జరుగుతుండగానే ఆయన విమానమెక్కి స్వదేశం వెళ్ళిపోయాడు. ఆ స్థానంలో మన కుర్రవాడు ఉంటే ఏమయ్యేదో ఈ సభలో విడమరచి చెప్పనక్కరలేదు. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగాక హైదరాబాదులో పట్టుకుపోయిన యువకులను కోర్టులు నిర్దోషులన్నాయి. ప్రభుత్వం పరిహారం ఇస్తే, 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. కనుక అందరికీ ఉండే ప్రమాదం మనకు మరికాస్త బరువుగా ఉంటుంది. పైగా 'ఉపా' చట్టం కింద కేసు పెడితే బెయిలు దొరకడమే గగనం.

ఇక చట్టం సంగతి. టార్ నడపరాదని సమాచార సాంకేతిక చట్టం 2000లో ఎక్కడా లేదు. టార్ అన్న పేరే లేదు. పైగా 79వ సెక్షను ఇతరుల సమాచారాన్ని చేరవేసే మధ్యవర్తికి రక్షణ ఇస్తుంది. పంపడం మొదలుపెట్టినది మీరు కాకూడదు, అందుకునేవారిని ఎంచినది మీరు కాకూడదు, అందులో మార్పు చేయకూడదు, తగిన జాగ్రత్త పాటించాలి. ఈ రక్షణకు బలం చేకూరిన కథలో మన ప్రాంతానికీ పాత్ర ఉన్నది. 2013 మేలో పౌరహక్కుల నాయకురాలు జయ వింధ్యాలను చీరాల పోలీసులు హైదరాబాదులో అరెస్టు చేశారు. చీరాల అప్పుడు ప్రకాశం జిల్లాలో ఉండేది, ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్నది. స్థానిక శాసనసభ్యుని గురించి, అప్పటి తమిళనాడు గవర్నరు గురించి ఫేస్‌బుక్‌లో రాశారని 66ఏ సెక్షను పెట్టారు. ఆ సంగతి శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. పై అధికారి అనుమతి లేకుండా 66ఏ కింద అరెస్టు చేయరాదని మే 16న కోర్టు చెప్పింది. 2015 మార్చి 24న అదే కేసులో ఆ సెక్షనునే కొట్టివేసింది. ఇతరుల రాతలను ఉంచే మధ్యవర్తులు కోర్టు ఉత్తర్వో ప్రభుత్వ ఉత్తర్వో వస్తేనే వాటిని తొలగించాలని, ఎవరో ఫిర్యాదు చేసినంత మాత్రాన కాదని 79కి భాష్యం చెప్పినది కూడా ఆ తీర్పే.

అయితే సంబరపడకండి. 79 కోర్టులో చెప్పుకునే సమాధానం. తెల్లవారుజామున తలుపు తట్టినప్పుడు అడ్డుపడే గోడ కాదు. 66ఏ పోయిన ఆరేళ్ళకు కూడా దాని కింద కేసులు పెడుతున్నారని 2021లో సుప్రీంకోర్టే విస్తుపోయింది.

రెండవ చిక్కు 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలు. మధ్యవర్తులు, సర్వీసు సంస్థలు తమ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు దేశంలో భద్రపరచాలి. వీపీఎన్ సంస్థలు ఖాతాదారుల వివరాలు ఐదేళ్ళు ఉంచాలి. పాటించకపోతే ఏడాది వరకు జైలు. టార్ ప్రాణమేమో రిజిస్టరు లేకపోవడంలోనే ఉన్నది. మధ్యవర్తిని కానంటే 79 రక్షణ పోతుంది. అవునంటే లాగ్‌లు ఏవి అని అడుగుతారు. పెద్ద వీపీఎన్ సంస్థలు తమ సర్వర్లను మన దేశం నుండి తరలించుకుని ఈ ఇరకాటం నుండి బయటపడ్డాయి. బాపట్లలో సొంత ఇల్లున్నవాడు ఇంటిని ఎక్కడికి తరలిస్తాడు?

అందుచేత మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాము. చివరి సర్వరు ఇంటి కనెక్షను మీద నడపవద్దు. మస్జిదు కనెక్షను మీద అసలే వద్దు. ఒకరి ఉత్సాహానికి జమాత్ మొత్తం సమాధానం చెప్పుకోవలసి వస్తుంది. సేవ చేయాలన్న పట్టుదల ఉన్నవారికి నడిమి సర్వరు ఉన్నది. నేరపు లేఖ మీద దాని చిరునామా కనిపించదు. దాని చిరునామా బహిరంగ జాబితాలో మాత్రం ఉంటుంది, కనుక ఇంట్లోవారికి తెలియకుండా అదీ చేయరాదు. చివరి సర్వరే కావాలంటే రిజిస్టరైన సొసైటీ పేర, అద్దె సర్వరు మీద, ముందే న్యాయవాదిని పెట్టుకుని నడపండి. 'ఇది టార్ సర్వరు, ఫిర్యాదులకు ఫలానా చిరునామా' అని అందులో ప్రకటన ఉంచండి. వేళాకోళపు మాటలు కూడా జాగ్రత్త. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో 2014లో ఒక నిర్వాహకునికి శిక్ష పడినప్పుడు, చాట్‌లో అతడన్న మాటలనే సాక్ష్యంగా చూపారు.

వాట్సాప్ గ్రూపు అడ్మినుల మాటేమిటని రేపల్లెలో ఒక సోదరి అడిగారు. సభ్యుడు పెట్టిన దానికి, ఉమ్మడి ఉద్దేశం లేనప్పుడు, అడ్మిను నేరస్థుడు కాడని బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి 2021లోను, కేరళ హైకోర్టు 2022లోను తీర్పునిచ్చాయి. మన ఊళ్ళలో టార్ నడిపేవారికన్నా అడ్మినులే ఎక్కువ కనుక ఈ తీర్పుల నకళ్ళు దగ్గర పెట్టుకోండి.

పోలీసులు వస్తే ఏమి చేయాలి? తగవు పడవద్దు, దేనినీ చెరిపివేయవద్దు. చెరిపితే అదే కొత్త నేరమవుతుంది. సోదానూ స్వాధీనాన్నీ వీడియో తీయాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షను చెబుతున్నది. తీసుకున్న ప్రతి ఫోను, డిస్కు పేరూ నంబరూ జాబితాలో రాయించి, నకలు తీసుకోండి. ఏడేళ్ళ లోపు శిక్ష ఉండే నేరాలలో చాలావరకు 35వ సెక్షను కింద ముందు నోటీసు ఇస్తారు. నోటీసుకు తప్పక హాజరు కండి. అరెస్టు చేసి ప్రశ్నించేటప్పుడు న్యాయవాదిని కలుసుకునే హక్కు 38వ సెక్షనులో ఉన్నది. కనెక్షను తల్లి పేర ఉన్నా, 60 దాటిన తండ్రి పేర ఉన్నా, సాక్షిగా విచారించడానికి వారిని స్టేషనుకు రమ్మనరాదు, ఇంటివద్దనే విచారించాలని 179వ సెక్షను. నిర్బంధంలో ఉన్న వ్యక్తికి, స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. దానికి ఫోను నంబరు 15100.