వ్యాసానికి ముందు చుక్కలు



మా అమ్మాయి బి.ఏ. చదువుతోంది. ఆమధ్య 'స్త్రీల సమస్యలు - వీరేశలింగం, గురజాడ' అని ఎనిమిది పేజీల వ్యాసం రాసుకెళ్ళింది. తిరిగొచ్చిన కాగితాల మీద ఎర్రసిరాతో ఒకటే ముక్క: "విషయం ఉంది, వరుస లేదు." పిల్ల అన్నం మానేసి, "చదువు నావల్ల కాదమ్మా" అని కూర్చుంది.

చదివి చూశాను. మేష్టారి మాటలో తప్పులేదు. మొదటి పేజీలో వితంతు వివాహం, మూడో పేజీలో గిరీశం, అయిదో పేజీలో మళ్ళీ రాజమండ్రి!

మనం చుక్కలు పెట్టకుండా ముగ్గు మొదలుపెడతామా? వ్యాసమూ అంతేనండీ. పళ్ళెం బోర్లించి, కాగితం మీద ఒకదాన్నొకటి కలిసేలా రెండు సున్నాలు గీయించాను. ఎడమ సున్నాలో వీరేశలింగం గారి సంగతులు: 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల, 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం. కుడివైపు గురజాడ వారివి: 1892లో విజయనగరంలో 'కన్యాశుల్కం' ప్రదర్శన, 1897లో అచ్చు, 1909లో తిరగరాసిన నాటకం, అందులో వాడుక భాష.

మరి మధ్యలో, ఇద్దరికీ కలిసేచోట ఏం రాస్తావే అంటే బిక్కమొహం వేసింది. అసలు లోపం అక్కడుంది. ఎనిమిది పేజీల్లో కనబడని ఖాళీ ఒక్క బొమ్మలో కనబడింది. చాలాసేపు ఆలోచించి, 'ఇద్దరూ దురాచారాన్ని నవ్వులపాలు చేశారు' అని రాసింది. వీరేశలింగం గారి ప్రహసనాలు గుర్తొచ్చాయి కాబోలు. ఆ వాక్యమే వ్యాసానికి వెన్నెముక అయింది. దాని కింద అయిదు శీర్షికలు వరుసగా రాసుకుంది. వాటిలో ఇమడనివి కొట్టేసింది. పుట్టిన తేదీలు కొట్టేస్తుంటే పిల్లకి ప్రాణం పోయినంత పనయింది లెండి!

ఒక్కచోట మాత్రం నేను ఊరుకోలేదు. ఆ మొదటి పెళ్ళికి వంటవాళ్ళూ నీళ్ళవాళ్ళూ రాకపోతే, గోదావరి నుంచి నీళ్ళు మోసి వంట చేసింది రాజ్యలక్ష్మమ్మ గారు, వీరేశలింగం గారి భార్య. ఆవిడకి ఏ సున్నాలోనూ చోటు లేదేమే అన్నాను. ఎడమ సున్నాలో ఆవిడ పేరు చేరింది, వ్యాసంలో ఒక పేరా వచ్చింది.

అన్ని వ్యాసాలకీ సున్నాలు పనికిరావు. కారణాలు చెప్పాలంటే కొమ్మలున్న చెట్టు, జరిగిన సంగతులైతే ఒక గీత మీద సంవత్సరాలు వేసుకోవాలి. రంగు పెన్సిళ్ళతో అందంగా గీస్తూ కూర్చుంటే మటుకు పొద్దుపోతుంది, పని జరగదు. పరీక్షలో అయితే చివరి పేజీలో అయిదు నిమిషాలు చాలు, తర్వాత అడ్డంగా గీత కొట్టెయ్యొచ్చు.

రెండోసారి వ్యాసం నాలుగున్నర పేజీలే వచ్చింది. సోమవారం పట్టుకెళుతుందట. నా పళ్ళెం మాత్రం ఇంకా దాని బల్లమీదే ఉంది.

సెలవు.