పెట్టెలో వంట

అమెరికా సూపర్ మార్కెట్లలో చల్లటి అరల్లో ‘మీల్ కిట్’ అనే పెట్టెలు కనిపిస్తాయి. చాలావాటిలో ఇద్దరికి సరిపడా చికెనో చేపో, కూరగాయలు, చిన్న చిన్న సాస్ పొట్లాలు, ఎలా వండాలో చెప్పే కాగితం ఉంటాయి. నూనె, ఉప్పు మనవే.

చందా కడితే ఇంటికి పంపే ఇలాంటి పెట్టెలు 2007లో స్వీడన్‌లో మొదలయ్యాయి. అమెరికాలో సూపర్ మార్కెట్లు నడిపే సంస్థలే ఈ పెట్టెల కంపెనీలను కొన్నాయి: 2017లో ఆల్బర్ట్‌సన్స్ ప్లేటెడ్‌ను, 2018లో క్రోగర్ హోమ్ షెఫ్‌ను. అలా చందా పెట్టెలు దుకాణాల్లోకీ వచ్చాయి.

కాగితం మీద ‘అరగంట’ అని ఉంటుంది. ఉల్లిపాయ తరిగే సమయం అందులో కలపలేదేమోనని నా అనుమానం! కాగితమంతా చదివాకే పొయ్యి వెలిగించండి. చేప ఉన్న కిట్ తెస్తే వండటానికి ఆలస్యం చేయకండి. సాస్‌లో ఉప్పు ఎక్కువే ఉంటుంది కాబట్టి ముందు సగం పోసి రుచి చూడండి. అక్కడి మన తెలుగువాళ్లయితే రెండు పచ్చిమిరపకాయలు చీరి వేసుకుంటారు, అది వేరే సంగతి.

మరి ఈ పొట్లాలతో ఇంత ప్లాస్టిక్ చెత్తా? నిజమే. అయితే 2019లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కగట్టి చూస్తే, కిట్‌తో వండిన దానికంటే సరుకులు విడిగా కొని వండిన భోజనానికే సగటున 33 శాతం ఎక్కువ కర్బన ఉద్గారాలు తేలాయి. కొలిచి ఇస్తే వృథా తగ్గుతుంది, అదీ కారణం. కాకపోతే వాళ్లు చూసినవి ఇంటికి వచ్చే పెట్టెలు. దుకాణం అరలో అమ్ముడుపోక మిగిలిన కిట్లు ఆ లెక్కలో లేవు.