కొండభాషలకు ఏ సాఫ్టువేరు మేలు?



అరకులోయ సంతలో సామలో చోళ్లో బేరమాడు రైతు ముందుగా గింజను అరచేత పోసికొని చూచును. ఇది వండుకొనుటకే పనికివచ్చునా, లేక వచ్చే ఏడు విత్తుటకు కూడ పనికివచ్చునా అని అడుగును. విత్తనము తనదైనచో కొంత దాచుకొనును, కొంత చుట్టములకు ఇచ్చును, తన మెట్టనేలకు అనుకూలించిన వెన్నులను ఏరి వేరుగా కట్టిపెట్టును. మన దేశమున 2001లో వచ్చిన మొక్కల రకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము ఈ పాత ఆచారమును రైతు హక్కుగా గుర్తించినది. కంప్యూటరు సాఫ్టువేరును గూర్చి చెప్పవలసినచోట విత్తనముల మాట ఎందుకని మీరు అడుగవచ్చును. రెండింటి యందును ప్రశ్న ఒక్కటే. మన చేతికి వచ్చిన వస్తువు వాడుకొనుటకు మాత్రమే మనదా? దాచుకొనుటకు, మార్చుకొనుటకు, పంచుకొనుటకు కూడ మనదా?

సాఫ్టువేరు అనగా కంప్యూటరు చేయవలసిన పనిని వరుసగా చెప్పు వ్రాత. మనుష్యులు వ్రాసి, మనుష్యులు చదువగల దాని మూలరచనను సోర్సుకోడు అందురు. వ్యాపార సంస్థలు సాధారణముగా ఈ మూలరచనను దాచియుంచి, వాడుకొను హక్కును మాత్రమే అమ్మును. ఈ పద్ధతి సరికాదని అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ అను ప్రయత్నమును ప్రకటించినారు. హెల్సింకీలో విద్యార్థిగానున్న లినస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్‌ను వెలువరించినారు. ఇట్టి సాఫ్టువేరును ఎవరైనను నడుపవచ్చును, విప్పి చదువవచ్చును, ఇతరులకు ఇవ్వవచ్చును, మార్చి మరల పంచవచ్చును. ఇంగ్లీషువారికి వెలలేనిదానికిని, స్వేచ్ఛగలదానికిని ఒక్కటే మాట అగుటచే అక్కడ ఎంతో గందరగోళము కలిగినది. మనకు ఆ ఇబ్బంది లేదు. ఉచితము వేరు, స్వేచ్ఛ వేరు. మేము ఇప్పుడు మాటలాడుచున్నది స్వేచ్ఛను గూర్చి.

మేము ఈ కొండప్రాంతపు పాఠశాలలలో పనిచేయుచు, ఇక్కడి మాటలను కాగితమునకెక్కించు పనిలో కొంతకాలముగా ఉన్నవారము. మొదటి రోజులలో ఒక పదపట్టికను, అప్పుడు మాకు అందుబాటులోనున్న ఒక తెలుగు ఫాంటుతో టైపు చేయించినాము. ఆ ఫాంటును వెలపెట్టి కొన్నాము. అది ఒక్క యంత్రమునకు మాత్రమే చెల్లునట్టిది. కొన్నేండ్లకు ఆ యంత్రము చెడినది. ఫైలు మాత్రము భద్రముగా ఉన్నదనుకొని క్రొత్త యంత్రముపై తెరచి చూడగా, ఒక్క తెలుగు అక్షరము కూడ కానరాలేదు. ఇంగ్లీషు అక్షరములు, అంకెలు, గీతలు కలగాపులగముగా కనిపించినవి. చేతివ్రాత నోటుపుస్తకములలో రెండు అప్పటికే వానకు తడిసి పాడైనవి. సరే, పోయి మరల అడిగి వ్రాసికొందమన్న, ఆ మాటలు చెప్పిన పెద్దలలో ఇద్దరు అప్పటికి లేరు.

ఇది ఎవరో కీడు తలపెట్టి చేసినది కాదు. పూర్వపు తెలుగు ఫాంటులు ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు రూపములను కూర్చుకొన్నవి. ఏ సంకేతమునకు ఏ రూపమో నిర్ణయించు పట్టిక ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్కటి. ఆ పట్టిక లేనిదే వ్రాత చదువుటకు వీలుకాదు. అయినను, ఆ వ్యాపారుల పుణ్యముననే తెలుగునాట ఎన్నో ముద్రణాలయములు సీసపు టైపును విడిచి కంప్యూటరుకు మారగలిగినవి. ఆ మేలును మరువరాదు. తెలుగక్షరములకు లోకమంతటను చెల్లు సంకేతములు 1991లో యూనికోడ్‌తో ఏర్పడినవి. అవి అందరికిని తెరచియున్నవి. మేము మొదటినుండి వానితోనే టైపు చేయించియున్నచో మా పట్టిక దక్కియుండెడిది.

ఇక కొండభాషల సంగతి చూతము. అరకు, పాడేరు ప్రాంతములలో ఆదివాసీ ఒడియా, కువి, కుబి, గదబ మొదలగు భాషలు వినిపించును. కొండదొరల కుబి భాషను ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు పరిశోధించి 1969లో గ్రంథము వెలువరించినారు. తెలుగువారి నోట ఏనాడో కలిసిపోయిన ర, ఱల భేదము ఆ భాషలో నిలిచియున్నది. మనము పాతపుస్తకములకు విడిచిన బండి ఱ వారికి నిత్యము కావలసిన అక్షరము. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2004 ప్రాంతమున ఎనిమిది గిరిజన భాషలలో తెలుగు లిపితో పిల్లలకు పాఠ్యపుస్తకములు సిద్ధము చేయ పూనుకొన్నప్పుడు ఇట్టి ధ్వనుల సమస్యలు అడుగడుగున ఎదురైనవి. ఈ భాషలకై మీటల అమరికను, అక్షరదోషములు దిద్దు సాధనమును చేసి అమ్ముదమని ఏ వ్యాపారి ముందుకు వచ్చును? కొనువారు కొద్దిమంది. లాభము లేనిచోట వర్తకుడు అంగడి పెట్టలేదని నిందింప పనిలేదు. కాని సాధనము తెరచియున్నచో, లోయలోని ఒక ఉపాధ్యాయుడే ఱ అక్షరమును మూలనుండి తెచ్చి చేతికందు మీటపై పెట్టుకొనవచ్చును. మూసియున్నచో విన్నపము పంపి ఎదురుచూడవలయును.

ఉత్తరమున సవరల విషయము ఇంకను తెలియదగినది. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలోనుండి సవరభాష నేర్చి, దానికి వ్యాకరణమును, నిఘంటువును సమకూర్చినారు. 1936లో మంగెయి గొమాంగో అను సవర పెద్ద సొంతముగా సొరాంగ్ సొంపెంగ్ అను లిపిని కల్పించినారు. ఆ లిపికి 2012లో యూనికోడ్‌లో చోటు దొరికినది. దానిని తెరపై చూపు ఫాంటు నోటో అను ఫాంటుల వరుసలో అందరికిని స్వేచ్ఛగా లభించుచున్నది. ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పవలయును. నోటో ఫాంటులకు సొమ్ము పెట్టినది గూగుల్ అను మహావ్యాపార సంస్థయే. కనుక వ్యాపారము వేరు, స్వేచ్ఛ వేరు అని రెండు శిబిరములుగా విడదీయుట తగదు. ఎవరు ఇచ్చినారన్నది కాదు, ఏ షరతుపై ఇచ్చినారన్నది ముఖ్యము. స్వేచ్ఛ లైసెన్సుతో ఒకసారి చేతికిచ్చిన ఫాంటును రేపు ఆ సంస్థ మనసు మార్చుకొన్నను వెనుకకు తీసికొనలేదు.

పాఠశాలల కంప్యూటరుల మాట కూడ తలచుకొనవలయును. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినది. దాని తరువాతి రూపము పాత యంత్రములలో చాలవానికి సరిపడదు. యంత్రము చెడలేదు, మీటలు పనిచేయుచున్నవి, అయినను భద్రత దృష్ట్యా అది పాతబడినట్లే. పట్టణములో క్రొత్తది కొందురు. ఘాటురోడ్డు పైనున్న ఊరిబడికి క్రొత్త యంత్రము ఎప్పుడు వచ్చును? అట్టి యంత్రములపై తేలికపాటి లినక్స్ వేసినచో మరికొన్నేండ్లు పనిచేయును. కేరళ ప్రభుత్వము 2001లో ప్రారంభించిన ఐటీ అట్ స్కూల్ పథకమున క్రమముగా స్వేచ్ఛా సాఫ్టువేరుకు మారి, రాష్ట్రమంతటను పిల్లలకు దానితోనే బోధించుచున్నది. ముందుగా ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చుటయే అక్కడి విజయమునకు కారణమని మా అభిప్రాయము.

మా మిత్రులొకరు ఈ మాటలు విని, "ఊరకే వచ్చినదానికి జవాబుదారీ ఎవరండీ? చెడినప్పుడు ఎవరికి ఫోను చేయవలయును?" అని అడిగినారు. ప్రశ్న సమంజసమైనది. ఓపెన్ ఎస్ఎస్ఎల్ అను స్వేచ్ఛా సాఫ్టువేరుపై లోకములోని ఎన్నో వెబ్‌సైటుల భద్రత ఆధారపడియున్నది. దానిలో హార్ట్‌బ్లీడ్ అను పెద్ద లోపము 2014లో బయటపడినప్పుడు తెలియవచ్చినదేమనగా, అంతటి భారమును చాలీచాలని విరాళములతో గుప్పెడు మంది మోయుచున్నారని. మూలరచన అందరి ఎదుటనే ఉన్నది. కాని అందరును చూచెదరులే అని ఎవరును సరిగా చూడలేదు. స్వేచ్ఛ ఉన్నంతమాత్రాన కాపలా ఉండదు. కాపలాకు జీతము కావలయును. రెడ్ హ్యాట్ అను సంస్థ లినక్స్‌కు సేవలందించియే ఎదిగినది. 2019లో ఐబీఎమ్ దానిని 3,400 కోట్ల డాలర్లకు కొన్నది. స్వేచ్ఛగల వస్తువుపై పనిచేసి కూలి తీసికొనుట తప్పుకాదని ఇది చాటుచున్నది.

కాబట్టి మేము చెప్పదలచినది ఇది. ఏ పనికి ఏ సాఫ్టువేరు బాగున్నదో దానిని వాడుడు. వెలపెట్టి కొన్నను దోషము లేదు. కాని వ్రాసినది మాత్రము యూనికోడ్‌లోను, ఎవరైనను తెరువగల రూపములోను దాచుడు. ఓపెన్ డాక్యుమెంట్ రూపము 2006 నుండి అంతర్జాతీయ ప్రమాణము. ప్రజాధనముతో చేయించు కొండభాషల ఫాంటులు, మీటల అమరికలు స్వేచ్ఛ లైసెన్సుతోనే వెలువడవలయును. వానిని చూచుకొనుటకు ఆ భాషలు మాటలాడు యువకులను, యువతులను నియమించి, నెల జీతమీయవలయును. క్రొత్త యంత్రము కొను వెలలో కొంత భాగము దీనికి చాలును.

ఒక్క హెచ్చరిక. పనిముట్టును తెరచియుంచుట వేరు, ఇంటిలోని మాటను తెరచియుంచుట వేరు. పూజల పాటలు, మూలికల గుట్లు ఆ ఊరివారి సొత్తు. వానిని లోకమునకు పంచవలయునా వలదా అన్నది వారే నిర్ణయింపవలయును. స్వేచ్ఛ పేరుతో మనము ఆ నిర్ణయమును లాగికొనరాదు.

మా పదపట్టికను ఇప్పుడు మరల టైపు చేయుచున్నాము. తడియక మిగిలిన పుస్తకములలోనిది అంతయు యూనికోడ్‌లోకి ఎక్కినది. ప్రతులు మూడు తావుల ఉన్నవి. ఆ భాష మాటలాడు పదవతరగతి పిల్లలిద్దరు తప్పులు దిద్దుచున్నారు. తడిసిన రెండు పుస్తకములలోని మాటలకై ఖాళీ వరుసలు విడిచినాము. ఏ పెద్ద నోటనైనను అవి మరల వినబడునని ఊరూర అడుగుచున్నాము.