ఎండ మనది, లెక్క కూడా మనదే కావాలి

(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఇక్కడ పొదుపు, అప్పు, కంతుల లెక్కలు చెప్పుకుంటాం. ఈసారి కరెంటు గురించి నాలుగు మాటలు చెబుతాం.

1999లో దీపం పథకం కింద గ్యాస్ పొయ్యి వచ్చినప్పుడు, పేలుతుందేమోనని దాన్ని మూలన పెట్టినోళ్లం మనమే. కంపకట్టెల పొగ తప్పాక దాని విలువ తెలిసింది. ఇప్పుడు సోలార్ వచ్చింది. భయపడి దూరం పెట్టొద్దు, చూడకుండా సంతకమూ పెట్టొద్దు.

కుందుర్పిలో వాన తక్కువ, ఎండ ఎక్కువ. శనక్కాయ ఎండిపోయినప్పుడల్లా ఆ ఎండనే తిట్టుకున్నాం. ఇప్పుడు అదే ఎండకు ధర పలుకుతోంది. మన పొలిమేర అవతల పావగడ తాలూకాలో, తిరుమణి చుట్టుపక్కల ఐదు ఊళ్లలో, దాదాపు 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు నడుస్తోంది. బొగ్గు లేదు, పొగ లేదు.

అక్కడ రైతుల భూమి కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. మొదట ఎకరాకు ఏడాదికి 21 వేలు, రెండేళ్లకోసారి నూటికి ఐదు పెంపు. కరువు భూమికి అది చిన్న డబ్బు కాదు. అయితే కౌలు వచ్చేది పట్టా ఉన్నోళ్లకే. సేద్యం ఆగితే కలుపు కూలి, కాయలు వలిచే కూలి ఆగిపోతాయి. గొర్రెలకు మేత బీడు తగ్గుతుంది. భూమి లేని అక్కకు కౌలూ రాదు, కూలీ ఉండదు. రేపు మన ఊళ్లకు ఎవరైనా కౌలు కాగితాలు తెస్తే, ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే.

ఇక మన మిద్దెల మాట. 2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్య ఘర్ పథకంలో రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడింటికి 78 వేలు సబ్సిడీ ఉంది. మంచి ఎండలో ఒక కిలోవాటుకు రోజుకు దాదాపు నాలుగు యూనిట్లు వస్తాయి. వాడగా మిగిలింది లైనుకు పోతుంది, మీటరు లెక్క కడుతుంది. కానీ సబ్సిడీ పని పూర్తయ్యాకే ఖాతాలో పడుతుంది. బ్యాటరీ లేకుంటే, లైన్లో కరెంటు పోయినప్పుడు మనింట్లోనూ పోతుంది. రెండు బల్బులు, ఒక ఫ్యాను ఉన్న ఇంటికి దీనికోసం అప్పు చేయడం దండగ. ఫ్రిజ్, మోటారు, కుట్టుమిషన్ నడిచే ఇంటికి కంతు కంటే బిల్లు ఎక్కువైతే ఆలోచించొచ్చు.

మేము కోరేది మూడే. ఏ కౌలు కాగితమైనా సంఘంలో చదివించాకే వేలిముద్ర వేయాలి. పట్టాలో, ఖాతాలో ఆడోళ్ల పేరు కూడా ఉండాలి. సోలార్ అప్పు అడిగిన సభ్యురాలు ఏడాది కరెంటు బిల్లులు తెచ్చి సంఘానికి చూపించాలి.

రూపాయి రూపాయి లెక్క రాసుకోవడం నేర్చినోళ్లం, యూనిట్ల లెక్క మనకు కష్టం కాదు.