సపోర్ట్ ప్రాజెక్టు నుంచే మొదలు



ఐటీ కొలువుల్లో చేరే కొత్తవాళ్లలో చాలామందికి మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో మొదటి నిరాశ ఒకటి ఎదురవుతుంది. శిక్షణ ముగిశాక చేతికొచ్చేది సపోర్ట్ ప్రాజెక్టు. "డెవలప్‌మెంట్ రాలేదా?" అని హాస్టల్లో స్నేహితులు జాలిపడతారు. ఎవరో రాసి వెళ్లిపోయిన పాత కోడ్, రాత్రి షిఫ్టులు, తెల్లారేలోగా మూయాల్సిన టికెట్లు. అయినా, పెద్ద సాఫ్ట్‌వేర్ వ్యవస్థలకు రూపకల్పన చేసే సొల్యూషన్ ఆర్కిటెక్ట్ కావాలనుకునేవారికి ఇంతకన్నా మంచి బడి లేదు.

ఎంటర్‌ప్రైజ్ సాఫ్ట్‌వేర్ అంటే బ్యాంకు ఖాతా, బీమా క్లెయిమ్, ఆసుపత్రి బిల్లు. ఇక్కడ ఖాళీ స్థలంలో ఇల్లు కట్టే అవకాశం అరుదు. కాపురం సాగుతుండగానే గోడలు మార్చాలి. ఏ గోడ మీద ఏ బరువు ఉందో తెలిసినవాడే ఆర్కిటెక్ట్.

అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల ట్రేడింగ్ సంస్థకు ఆ సంగతి 2012 ఆగస్టు 1న తెలిసొచ్చింది. కొత్త కోడ్ ఎనిమిది సర్వర్లలోకి వెళ్లాలి, ఏడింటిలోకే వెళ్లింది. ఎనిమిదో దాంట్లో 2003లోనే వాడకం మానేసిన ‘పవర్ పెగ్’ అనే ప్రోగ్రామ్ ఇంకా ఉంది. దాన్ని నడపడానికి ఒకప్పుడు వాడిన ఫ్లాగ్‌నే కొత్త పనికీ పెట్టుకున్నారు. మార్కెట్ తెరవగానే పాత ప్రోగ్రామ్ లేచింది. 45 నిమిషాల పాటు ఆపకుండా ఆర్డర్లు పంపింది. నష్టం 46 కోట్ల డాలర్లకు పైనే. మరుసటి ఏడాది ఆ సంస్థ మరో సంస్థతో కలిసిపోయింది.

ఇందులో అన్నిటికన్నా బాధ కలిగించే వివరం నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ విచారణలో బయటపడింది. మార్కెట్ తెరవకముందే పవర్ పెగ్ పేరుతో లోపాన్ని చూపే 97 ఆటోమేటిక్ ఈమెయిళ్లు సిబ్బందికి వెళ్లాయి. వాటిని హెచ్చరికలుగా చూసే పద్ధతి అక్కడ లేదు. ఈ మెయిల్ ఎవరికి వెళ్తుంది, వాళ్లు చదువుతారా అన్న ప్రశ్న సపోర్ట్‌లో రాత్రులు గడిపిన ఇంజినీరుకు ముందే తడుతుంది.

బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంకు కథ ఇంకా పెద్దది. స్పెయిన్‌కు చెందిన సబాడెల్ 2015లో దాన్ని కొన్నది. అప్పటిదాకా లాయిడ్స్ బ్యాంకు సిస్టమ్‌ల మీద నడుస్తున్న ఖాతాలను 2018 ఏప్రిల్‌లో ఒక్క వారాంతంలో కొత్త వేదికకు మార్చారు. డేటా చేరింది, వేదికే తట్టుకోలేదు. లక్షల మంది తమ ఖాతాలు తెరవలేకపోయారు. రెండు డేటా సెంటర్లు ఉంటే ఒకదానిలోనే లోడ్ పరీక్షలు జరిగాయని తర్వాత తేలింది. సేవలు పూర్తిగా కుదుటపడేసరికి డిసెంబరు వచ్చింది. 2022లో నియంత్రణ సంస్థలు 4.86 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి. పెన్షన్ డబ్బు కోసం కౌంటర్ ముందు నిలబడే మనిషికి డేటా సెంటర్ అంటే ఏమిటో తెలియనక్కర్లేదు. ఆ మనిషి తరఫున రెండో డేటా సెంటర్ గురించి అడిగే బాధ్యత ఆర్కిటెక్ట్‌ది.

జర్మనీ కిరాణా సంస్థ లిడ్ల్ 2018లో ఎస్‌ఏపీ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టును ఆపేసింది. ఏడేళ్ల పని, దాదాపు 50 కోట్ల యూరోల ఖర్చు. లిడ్ల్ సరుకు విలువను కొన్న ధరలో లెక్కిస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ అమ్మకం ధరలో లెక్కిస్తుంది. అలవాటు మార్చుకోకుండా సాఫ్ట్‌వేర్‌నే మలచబోవడం పెద్ద చిక్కయింది. ఇలాంటి తేడాలు సర్టిఫికెట్ పరీక్షల్లో రావు. అకౌంట్స్ విభాగంలో నెలాఖరు లెక్కలు మూసేవారి పక్కన కూర్చుంటే కనిపిస్తాయి. ఏడబ్ల్యూఎస్, అజూర్ సర్టిఫికెట్లు రెజ్యూమెను ముందుకు జరుపుతాయి, సంపాదించవలసినవే. వాటితోనే ఆర్కిటెక్ట్ అయిపోతామని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకూడదు.

మొదటి రెండు మూడేళ్లు లాగ్‌లు, ఎస్‌క్యూఎల్, రాత్రి బ్యాచ్ జాబ్‌లు ఒంటికి పట్టాలి. ఆ తర్వాత ఒక సిస్టమ్ నుంచి ఇంకోదానికి డేటా వెళ్లే దారులు అడిగి తీసుకోవాల్సిన పని. లోపాలు ఎక్కువగా దాక్కునేది అక్కడే. నిర్ణయాలను, వాటి కారణాలను రాసిపెట్టడం కూడా అప్పుడే మొదలవ్వాలి. మైకేల్ నైగార్డ్ అనే ఇంజినీరు 2011లో ఒక చిన్న నమూనా సూచించారు: పరిస్థితి ఏమిటి, ఏం నిర్ణయించారు, దానివల్ల ఏం జరుగుతుంది. ఒకటి రెండు పేజీలు చాలు. పాత కోడ్‌లో కనిపించిన వింత లైనుకు కారణం దొరికిన రోజే టీమ్ వికీలో అలాంటి పేజీ ఒకటి పెట్టవచ్చు. అందుకు మేనేజరు అనుమతి కూడా అక్కర్లేదు. అవి ఓ ఇరవై పోగయ్యేసరికి డిజైన్ సమావేశాలకు ఆ ఇంజినీరును పిలవడం మొదలవుతుంది.