విశ్వాసాన్ని అడిగే మర్యాద

(వివిధ మతాలవారు పాల్గొన్న ఒక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

వేర్వేరు మతాలవారిని వారి సొంత విశ్వాసాల గురించి అడగవచ్చునా, అడిగితే ఏ విధంగా అడగాలి అన్నది నేడు మాకు అప్పగించిన విషయం. పట్టణంలో అద్దె ఇల్లు వెతుక్కునే ముస్లిమ్ కుటుంబాలకు ఈ విషయం లోతు బాగా తెలుసు. ఇల్లు చూపించిన యజమాని చివరగా పేరు అడుగుతాడు. పేరు విన్నాక, ఇప్పుడే వేరేవాళ్లు అడ్వాన్సు ఇచ్చి వెళ్లారని చెబుతాడు. ఆయన అడిగింది పేరు, తెలుసుకున్నది మతం. ఆ కుటుంబం దేనిని నమ్ముతుందో, ఆ నమ్మకం వారి చేత ఏయే మంచి పనులు చేయిస్తున్నదో ఆయన అడగలేదు. మన మతాన్ని నిత్యం ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. మన విశ్వాసాన్ని అడిగేవారు మాత్రం అరుదు. ఈ రెండు ప్రశ్నలకూ ఉన్న తేడాను గురించే మేము నాలుగు మాటలు మనవి చేయదలచాము.

ఇస్లామ్ చరిత్ర తొలి దినాలలోనే ఇటువంటి సందర్భం ఒకటి వచ్చింది. మక్కాలో ఖురైషుల హింసను భరించలేక కొందరు విశ్వాసులు దైవప్రవక్త (స) అనుమతితో సముద్రం దాటి అబిసీనియాకు వలస వెళ్లారు. అక్కడి రాజు నజాషీ క్రైస్తవుడు. శరణార్థులను తిరిగి అప్పగించమని కోరుతూ ఖురైషులు తమ దూతలను పంపారు. దూతలు ముందుగా ఆస్థానంలోని పెద్దలకు కానుకలు పంచి, ఆ వచ్చినవారితో మాట్లాడకుండానే వారిని పంపివేసేలా రాజుకు నచ్చజెప్పమని కోరారు. నజాషీ అందుకు ఒప్పుకోలేదు. తన రాజ్యంలో ఆశ్రయం పొందినవారి మాట వారి నోటనే వినాలన్నాడు. అప్పుడు హజ్రత్ జాఫర్ (రజి) లేచి తమ పూర్వపు జీవితాన్ని, తాము స్వీకరించిన ధర్మాన్ని వివరించి, మర్యమ్ సూరా ప్రారంభ ఆయత్‌లను పఠించారు.

మరునాడు దూతలు మరొక ఎత్తు వేశారు. వీరు ఈసా (అలై) విషయంలో ఘోరమైన మాట అంటారని రాజు చెవిన వేశారు. రాజు మళ్లీ శరణార్థులనే పిలిపించి అడిగాడు. జాఫర్ (రజి) ఏమీ దాచలేదు. ఈసా (అలై) దైవదాసుడు, దైవప్రవక్త అని తమ ప్రవక్త బోధించినదే చెప్పారు. ఆస్థానంలోని మతగురువులు సణిగినా నజాషీ శరణార్థులకు అభయమిచ్చి, ఖురైషుల కానుకలను తిప్పి పంపాడు.

సోదరులారా! ఈ ఘటనను మనం సాధారణంగా జాఫర్ (రజి) ధైర్యానికి ఉదాహరణగా చెప్పుకుంటాము. నేడు ప్రశ్న అడిగిన రాజు వైపు నుండి కూడా చూడాలని కోరుతున్నాము. ఆయన మూడు పనులు చేశాడు. ఒక వర్గం విశ్వాసాన్ని దాని విరోధుల నోట విని తీర్పు చెప్పలేదు. ప్రశ్న అడగడానికి ముందు అడిగించుకునేవారికి రక్షణ ఉండేలా చూశాడు. వచ్చిన జవాబు తన ఆస్థానానికి రుచించకపోయినా ఆ కారణంగా వారిని శిక్షించలేదు. విశ్వాసాన్ని అడిగే మర్యాద ఈ మూడింటిలోనే ఉన్నదని మా అభిప్రాయం.

మన రాజ్యాంగంలోని 25వ అధికరణం మత స్వాతంత్ర్యం కంటే ముందు అంతఃకరణ స్వాతంత్ర్యాన్ని పేర్కొన్నది. దాని అర్థం ఏమిటో 1986లో జాతీయ గీతం కేసులో సుప్రీంకోర్టు వివరించింది. కేరళలో యెహోవా సాక్షుల శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు పాఠశాలలో జాతీయ గీతం వచ్చినపుడు గౌరవంగా నిలబడేవారు, కానీ పాడేవారు కాదు. అలా పాడటం తమ విశ్వాసానికి విరుద్ధమని వారు భావించారు. వారిని బడి నుండి తొలగించారు. ఆ గీతంలో ఎవరి మతాన్నీ నొప్పించే మాట ఏదీ లేదని హైకోర్టు పిల్లల పిటిషన్‌ను తోసిపుచ్చింది. సుప్రీంకోర్టులో తీర్పు రాసినవారు మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. ఆ విశ్వాసం ఇతరులకు సమంజసంగా తోస్తున్నదా అన్నది కొలమానం కాదని, వారు దానిని నిజాయితీగా, మనస్ఫూర్తిగా నమ్ముతున్నారా అన్నదే చూడాలని ఆయన స్పష్టం చేశారు. పిల్లలను తిరిగి బడిలో చేర్చుకోవాలని కోర్టు ఆదేశించింది.

మన ఆడపిల్లల విషయంలోనూ ఇదే ప్రశ్న ఎదురైంది. 2022 మార్చిలో కర్ణాటక హైకోర్టు హిజాబ్ ఇస్లామ్‌లో తప్పనిసరి ఆచారం కాదన్నది. అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు ధర్మాసనంలోని ఇద్దరు న్యాయమూర్తులు చెరొక తీర్పు ఇచ్చారు. జస్టిస్ సుధాంశు ధూలియా చిన్నపరెడ్డి గారి తీర్పునే ఆధారం చేసుకుని, ఆ విద్యార్థిని అంతఃకరణకు, ఎంపికకు ప్రాధాన్యమిచ్చారు. "మీ గ్రంథంలో ఇది ఉన్నదా?" అని అడగడం ఒకటి. "అమ్మా, నీకు ఇది ఎందుకు ముఖ్యం?" అని అడగడం మరొకటి. మొదటి ప్రశ్నకు పండితులు జవాబిస్తారు. రెండవ దానికి ఆ పిల్ల తప్ప మరెవరూ జవాబు చెప్పలేరు.

జవాబు చెప్పే స్వేచ్ఛలో చెప్పకుండా ఉండే స్వేచ్ఛ కూడా ఇమిడి ఉన్నది. మతం మారదలచినవారు ముప్పై రోజుల ముందు జిల్లా మేజిస్ట్రేటుకు తెలపాలన్న 2006 నాటి చట్ట నిబంధనను 2012లో హిమాచల్ ప్రదేశ్ హైకోర్టు కొట్టివేసింది. తన విశ్వాసాన్ని బయటపెట్టని హక్కు మనిషికి ఉన్నదని చెప్పింది. అయినా 2021 నాటి ఉత్తరప్రదేశ్ చట్టం అరవై రోజుల ముందు నోటీసు ఇవ్వాలంటున్నది. పక్కింటివారు కుశల ప్రశ్నలా అడిగితే పలకరింపు అయ్యే మాట, అధికారి అడిగితే విచారణ అవుతుంది.

అలాగని ప్రభుత్వం మతాన్ని అడగనే కూడదని మేము అనడం లేదు. జనగణనలో మతం గడి లేకపోతే, 2006లో సచార్ కమిటీ ముస్లిముల చదువు, ఉద్యోగాల వెనుకబాటుతనాన్ని లెక్కలతో సహా దేశం ముందు పెట్టగలిగేది కాదు. ప్రశ్న అందరికీ ఒకేలా వేయాలి. దాని వలన ప్రజలకు మేలు జరగాలి. ఒకరిని వేరుచేసి గుర్తుపెట్టుకునేందుకు వేసే ప్రశ్నను మాత్రం ప్రతిఘటించాలి.

ఇంతవరకు ఇతరులు మనల్ని అడగడం గురించి చెప్పుకున్నాము. ఇప్పుడు మన వైపు చూసుకుందాము. మన పొరుగువారిని మనం అడిగామా?

కడపలో ఉగాది నాడు ముస్లిములు దేవుని కడప వేంకటేశ్వర ఆలయానికి వెళతారు. నెల్లూరు రొట్టెల పండుగకు అన్ని మతాలవారూ బారా షహీద్ దర్గాకు వస్తారు. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగ హిందువులు లేకుండా జరగదు. ఇవి మనం గర్వించదగినవే. కానీ ముప్పై ఏళ్లుగా రంజాన్‌కు షీర్‌ఖుర్మా పంపి, సంక్రాంతికి అరిసెలు అందుకుంటున్న ఇళ్లలో కూడా, "అన్నా, పూజలో కూర్చున్నప్పుడు నీవు మనసులో ఏమి కోరుకుంటావు?" అని అడిగినవారు ఎందరు? "అక్కా, చర్చిలో ప్రార్థన చేసి వచ్చాక నీకు ఏ విధమైన ఊరట కలుగుతుంది?" అని అడిగినవారు ఎందరు? పళ్లెం మార్చుకున్నాము గాని మనసు మార్చుకోలేదు. అందుకే అపనింద పుట్టిన రోజున ఆ పొరుగువారి దగ్గర మన తరఫున చెప్పడానికి మాట లేకపోయింది. వారిపై అపవాదు వచ్చిన రోజున మన దగ్గరా లేకపోయింది.

వెయ్యేళ్ల క్రితం ఖ్వారిజమ్‌కు చెందిన అల్‌బిరూనీ ఈ పని చేసి చూపాడు. సంస్కృతం నేర్చి, పండితులను అడిగి తెలుసుకుని, సుమారు 1030లో హిందూ దేశం గురించి అరబ్బీలో గ్రంథం రాశాడు. ఇది వాదించి ఓడించడానికి రాసింది కాదని, హిందువుల మాటను వారు చెప్పినట్లే చెబుతానని తొలి పుటలలోనే మాట ఇచ్చాడు. గజ్నీ మహమూద్ దండయాత్రలు ఆ ప్రజల మనసులో ముస్లిముల పట్ల ఎంత విముఖత నింపాయో కూడా దాచకుండా రాశాడు. కత్తి నీడలో వేసిన ప్రశ్నకు నిజమైన జవాబు రావడం ఎంత కష్టమో గ్రహించిన విద్వాంసుడు ఆయన.

అడగదలచినవారికి మా మనవి కొంత ఉన్నది. మనిషిని అడగండి, అతని గ్రంథంతో వాదానికి దిగకండి. ఒకే మతంలోని ఇద్దరు ఒకే విధంగా నమ్మరు కనుక ఒకరి జవాబును జాతి మొత్తానికి అంటగట్టకండి. విన్నదాన్ని ఫోనులో రికార్డు చేసి నలుగురికీ పంపకండి. జవాబు వలన ఎదుటివారికి నష్టం కలిగే చోట అసలే అడగకండి. ఉదాహరణకు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ మతంలో ఉన్న దళితులకే షెడ్యూల్డు కులాల హోదా దక్కింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవ, ముస్లిమ్ దళితులను చేర్చలేదు. మన ఊరి దళిత సోదరుడు ఆదివారం ఎక్కడికి వెళ్తున్నాడని నలుగురిలో అడిగితే అతని బిడ్డ చదువుకే ముప్పు రావచ్చు. ఆ మౌనాన్ని గౌరవించడం కూడా మర్యాదే.

ఇంకొక మాట చెప్పక తప్పదు. మన దూదేకుల సోదరులను, ఇంట్లో తెలుగు మాట్లాడతారని, ఉర్దూ రాదని, "మీరు అసలు ముస్లిములేనా?" అని అడిగినవారు మనలోనే ఉన్నారు. యుద్ధరంగంలో కలిమా పలికిన మనిషిని, ప్రాణభయంతో పలికాడని భావించి హజ్రత్ ఉసామా (రజి) చంపివేసినపుడు, అతని గుండెను చీల్చి చూశావా అన్న అర్థం వచ్చేలా దైవప్రవక్త (స) ఆయనను తీవ్రంగా మందలించారు. తన సహచరుడికే ఇవ్వని అధికారం మనకెక్కడిది? ఇంటి యజమాని అద్దెకు వచ్చినవారిని పరీక్షించడం అన్యాయమైతే, మనం మనవారినే పరీక్షించడమూ అన్యాయమే.

మానవులను జాతులుగా, తెగలుగా చేసినది పరస్పరం తెలుసుకోవడానికేనని హుజురాత్ సూరా 13వ ఆయత్ మనకు బోధిస్తుంది. దానికి ముందరి ఆయత్‌లోనే ఒకరి గుట్టు ఒకరు వెతకరాదన్న హెచ్చరిక ఉన్నది. తెలుసుకోవాలి, కానీ కూపీ లాగకూడదు.

వచ్చే నెలలో ఇక్కడున్న ప్రతి కుటుంబం ఒక పొరుగింటివారిని భోజనానికి పిలవాలని మా విన్నపం. ఈసారి వడ్డించడంతో ఆపకండి. వారి విశ్వాసం వారికి ఏమి ఇచ్చిందో అడిగి, మధ్యలో అడ్డుపడకుండా చివరిదాకా వినండి. తరువాత వారు మిమ్మల్ని అడిగితే జాఫర్ (రజి) వలె దాచకుండా, నొప్పించకుండా చెప్పండి. పిల్లలను కూడా ఆ పక్కనే కూర్చోబెట్టుకోండి.

 అల్లాహ్ మనకు సద్బుద్ధిని, సహనాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.